పేదవాని పెరటి కోడి చస్తే కారణం చెప్పేదెవరు?

"రాత్రి గంప కమ్మినప్పుడు బాగానే ఉన్నాయి బాబూ. తెల్లారి గంప ఎత్తితే నాలుగు చచ్చి పడున్నాయి. మిగతావి ముడుచుకుని కూచున్నాయి. ఎవరి కళ్ళు పడ్డాయో, ఎవరి చెయ్యి పడిందో!"

కోస్తా మెట్ట ప్రాంతంలో ఒక ఊరి శివారు వాడకు మేము వెళ్ళినప్పుడు ఒక కూలి తల్లి మాతో అన్న మాటలివి. ఆమెకు సెంటు భూమి లేదు. పాడి లేదు. ఉన్నవల్లా పద్నాలుగు కోళ్ళు. వారం తిరిగేసరికి వాటిలో రెండే మిగిలాయి. ఆ వారంలో ఆమె కోల్పోయింది కోళ్ళనే కాదు. పక్కింటి ఆమెతో పదిహేనేళ్ళ స్నేహం పోయింది. ఇద్దరూ ఒకే ముఠాలో నాట్లకు వెళ్ళేవాళ్ళు. కోళ్ళు చచ్చిన మర్నాటి నుంచి ముఠా రెండుగా చీలింది. చీలిన ముఠాలతో రైతులు విడివిడిగా బేరం పెట్టారు. ఎకరం నాటు రేటు తగ్గించుకుని వెళ్ళవలసివచ్చింది.

కోళ్ళు చావడానికీ కూలి రేటు పడిపోవడానికీ సంబంధమేమిటని కొందరు అడగవచ్చు. ఆ సంబంధం చెప్పడానికే ఈ వ్యాసం. చావుకు కారణం తెలియనప్పుడు మనిషి మనిషిని అనుమానిస్తాడు. కారణం చెప్పవలసిన యంత్రాంగం చెప్పకపోతే ఆ ఖాళీని అనుమానమే నింపుతుంది. అందువల్ల పెరటి కోడి ఎందుకు చచ్చిందనేది పశువైద్యుల ప్రశ్న మాత్రమే కాదు, మన ప్రశ్న కూడా.

కోడి అంటే పేదింటి బ్యాంకు

2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలో కోళ్ళు మొత్తం 85.18 కోట్లు. అందులో పెరటి కోళ్ళు 31.70 కోట్లు. అంతకుముందు గణనతో పోలిస్తే పెరటి కోళ్ళు దాదాపు 46 శాతం పెరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో అన్నిరకాల కోళ్ళూ కలిపి 10.79 కోట్లు, తెలంగాణలో దాదాపు 8 కోట్లు. కోళ్ళ పరిశ్రమ అనగానే పెద్ద పెద్ద షెడ్లు, మేత మిల్లులు, గుడ్ల లారీలు కళ్ళముందు మెదులుతాయి. కాని దేశంలో ప్రతి మూడు కోళ్ళలో ఒకటికి పైగా ఎవరో ఒక పేద ఇంటి పెరట్లో, పెంటకుప్ప మీద మేస్తున్నదే.

2011 జనాభా లెక్కల నాటికి దేశంలో వ్యవసాయ కూలీలు 14.4 కోట్ల మంది. వీళ్ళలో చాలామందికి పొలం లేదు, గడ్డి లేదు, గేదెను కట్టేయడానికి చోటు లేదు. కోడికి ఇవేవీ అక్కర్లేదు. గుప్పెడు నూకలు, ఇంత తవుడు, మిగతాది అదే తవ్వుకు తింటుంది. పిల్లవాడికి జ్వరమొస్తే ఒక పెట్ట అమ్ముతారు. చుట్టం వస్తే ఒక పుంజు కోస్తారు. బడి తెరిచేటప్పుడు పుస్తకాలకు రెండు కోళ్ళు పోతాయి. అన్నిటికంటే ముఖ్యం, ఇంట్లో ఆడవాళ్ళ చేతిలో ఆడే డబ్బు ఇదొక్కటే. భర్త కూలి డబ్బు సారా కొట్టు దాకా వెళ్ళొచ్చుగాని, కోడి డబ్బు మాత్రం కొంగు ముడిలోనే ఉంటుంది.

ఆ బ్యాంకు ఒక్క రాత్రిలో మునిగిపోతుంది. మునిగిన బ్యాంకుల మీద విచారణ సంఘాలు వేస్తారు. కూలి తల్లి కోళ్ళ మీద విచారణ ఎవరు వేస్తారు?

అనుమానం ఎక్కడ మొదలైంది

పక్కింటామె పెరట్లో బీరపాదు, తోటకూర మడి ఉన్నాయి. ఈమె కోళ్ళు వెళ్ళి మడి చెరిగేవి. పది రోజుల కిందట ఆవిడ విసిగి "ఇంకోసారి వచ్చాయంటే మందు పెడతా" అన్నది. కోపంలో ఎవరైనా అనే మాటే. కాని కోళ్ళు చచ్చేసరికి ఆ మాట సాక్ష్యమైపోయింది. పెద్ద మనుషులు కూచున్నారు. తప్పు కట్టాలన్నారు. ఆవిడ పసుపు బట్టతో గుడిమెట్టు ఎక్కి ప్రమాణం చేస్తానన్నది. మరో పక్క చేతబడి అన్నవాళ్ళు, అమ్మవారికి కోపం వచ్చిందన్నవాళ్ళు, "టీవీలో చెప్పారు, బర్డ్‌ఫ్లూ, మనుషులకూ అంటుకుంటుంది" అని పిల్లల్ని పుట్టింటికి పంపించినవాళ్ళు. ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. చచ్చిన కోళ్ళను చూసినవాళ్ళు మాత్రం లేరు.

మేము వాడలో ఇంటింటికీ తిరిగి కొన్ని ప్రశ్నలు అడిగాం. డాక్టరు చేసే పని మేము చేయలేదు, చేయలేము. అడిగినవి ఎవరైనా అడగగలిగే ప్రశ్నలే. ముందు ఎవరింట్లో చచ్చాయి? ఎన్ని గంటల్లో ఎన్ని చచ్చాయి? పిల్లలా, పెద్దవా? బయట మేసినవేనా, కట్టేసినవి కూడానా? కాకులు, పావురాలు, బాతులు ఏమయ్యాయి? చావడానికి ముందు ఎలా ఉన్నాయి? ఈ నెల రోజుల్లో కొత్త కోడి ఎవరైనా తెచ్చారా?

జవాబులు ఒక్కొక్కటే వస్తూ ఉంటే మందు కథ నిలబడలేదు.

విషానికి ఒక తీరు, రోగానికి ఒక తీరు

పొలాల్లో వాడే పురుగుమందులకు కోళ్ళు బలి కావడం కొత్త కాదు. మందు పట్టించిన విత్తనం గింజలు తిన్నా, గుళికలు చల్లిన మడిలో నీళ్ళు తాగినా, ఎలుకల మందు కలిపిన ఎర తిన్నా కోళ్ళు చస్తాయి. ఫోరేట్ గుళికలను 2020 డిసెంబరు 31 నుంచి దేశంలో నిషేధించారు. కార్బోఫ్యురాన్‌ను 3 శాతం గుళికలకు మాత్రమే పరిమితం చేస్తూ, మోనోక్రోటోఫాస్‌ను 36 శాతం ద్రావణం రూపంలో ఆపివేస్తూ 2023లో ఉత్తర్వులు వచ్చాయి. ఉత్తర్వు వచ్చినంత మాత్రాన అటక మీది పాత డబ్బా ఖాళీ కాదు. కాబట్టి విషాన్ని అనుమానించడం తప్పు కాదు.

కాని విషం చంపే తీరు వేరు. తిన్న కోడి కొద్ది గంటల్లో పడిపోతుంది. నోట చొంగ, రెక్కల వణుకు, కాళ్ళు కొట్టుకోవడం కనిపిస్తాయి. మెడ దగ్గర మేత నిలిచే సంచి చాలాసార్లు నిండుగానే ఉంటుంది. తిని చచ్చింది కాబట్టి. ఆ చోటికి వెళ్ళినవే చస్తాయి, వెళ్ళనివి బతుకుతాయి. అదే గింజలు తిన్న కాకులు, పిచ్చుకలు కూడా పడి ఉంటాయి. చావులు ఒక పూటలో మొదలై ఒక పూటలో ఆగిపోతాయి.

ఈ వాడలో జరిగింది అది కాదు. మొదటి రోజు నాలుగు, మర్నాడు మూడు, ఆపైన రోజుకొకటి రెండు, ఇలా వారం పాటు సాగింది. మేత సంచులు ఖాళీ, ఎందుకంటే చచ్చే ముందు రోజు నుంచే మేత ముట్టలేదు. వీధి చివర ఒక ఇంట్లో పందెం పుంజును తాడుతో కట్టేసి వేరుగా మేపుతారు. అది ఎవరి మడిలోకీ వెళ్ళలేదు. అదీ చచ్చింది. నాలుగో రోజున, అనుమానం మోస్తున్న పక్కింటామె కోళ్ళు కూడా మూడు పోయాయి. "తన కోళ్ళకు తనే మందు పెట్టుకుంటుందా?" అని ఒక ముసలాయన అడిగాడు. అంతవరకు ఆ ప్రశ్న ఎవరికీ తట్టలేదు.

రోగమైతే ఏ రోగం?

ఎండాకాలంలో వడదెబ్బకు కోళ్ళు చస్తాయి. అవి మధ్యాహ్నం పూట, నోరు తెరిచి వగరుస్తూ, బలంగా కొవ్వు పట్టినవి ముందు పోతాయి. సాయంత్రానికి చల్లబడితే చావులు తగ్గుతాయి. బూజు పట్టిన మొక్కజొన్న, వేరుశనగ చెక్క తింటే వచ్చే విషదోషం కోళ్ళకన్నా బాతు పిల్లలను ముందు పట్టుకుంటుంది. కుళ్ళిన కళేబరం మీది పురుగులు తిన్న కోడికి మెడ వాలిపోయి, రెక్కలు జారి, తల నేలకు ఆనుతుంది. కలరా అని పిలిచే కోళ్ళ వ్యాధిలో నిన్న బాగున్న పెద్ద కోడి నేడు గూట్లో చచ్చి ఉంటుంది, జుట్టు నీలిరంగుకు తిరుగుతుంది, కోసి చూస్తే కార్జం మీద తెల్లని చుక్కలు ఉంటాయి. ముంగిస, పిల్లి, పాము పని అయితే ఒంటి మీద గాటు ఉంటుంది.

ఈ వాడ కోళ్ళు ముడుచుకు కూచున్నాయి. ఆకుపచ్చ రెట్ట వేశాయి. గురక పెట్టినట్లు ఊపిరి తీశాయి. మిగిలిన రెండింటిలో ఒకదాని మెడ మెలి తిరిగి ఆకాశం వైపు చూస్తున్నది. గింజ పొడవబోతే ముక్కు పక్కకు పోతున్నది. చూడగానే ముసలాయనే అన్నాడు: "ఇది కొక్కెర కదరా! మా చిన్నప్పుడు వాడకు వాడే ఊడ్చుకుపోయేది."

మేము సమీపంలోని పశువుల ఆసుపత్రికి కబురు చేశాం. డాక్టరు ఒక మంచి మాట చెప్పాడు. చచ్చినదాన్ని వాడలో ఎవరూ కోయవద్దు, వట్టి చేతులతో ముట్టవద్దు, ఆ రోజు చచ్చిన రెండింటిని రెండు ప్లాస్టిక్ సంచుల్లో ఒకదానిలో ఒకటి పెట్టి మూతి కట్టి, ఐసు ముక్కల మధ్య పెట్టి తెమ్మన్నాడు. ఆసుపత్రిలో కోసి చూసి, కందనకాయకు ముందుండే చిన్న జీర్ణాశయం లోపలి గోడ మీద ఎర్రని రక్తపు చుక్కలు చూపించాడు. కొక్కెర లక్షణమే అన్నాడు. "కాని కంటితో చూసి ముద్ర వేయలేనండి. బర్డ్‌ఫ్లూలోనూ ఇలాంటి చుక్కలు రావచ్చు. ప్రయోగశాల చెప్పాల్సిందే" అన్నాడు. ఆ మాట నిజం. నమూనాలు పంపించారు. కొక్కెరేనని జవాబు వచ్చింది. వచ్చేసరికి మూడు వారాలు గడిచాయి. అప్పటికి వాడలో చెప్పుకోడానికి కోళ్ళు మిగల్లేదు.

రోగం ఎలా వచ్చిందో కూడా తేలింది. మొదటి చావుకు వారం ముందు ఒక ఇంటివాళ్ళు సంతలో చవగ్గా వస్తున్నాయని రెండు పెట్టలు కొన్నారు. ఒకటి మర్నాడే నీరసించింది. చచ్చే లోపు కోసుకుని తిన్నారు. ఈకలు, పేగులు వీధి చివరి పెంటకుప్ప మీద పారేశారు. వాడ కోళ్ళన్నీ మేసేది ఆ కుప్ప మీదనే. పందెం పుంజు దగ్గరికి ఆ రోగం యజమాని చెప్పులతోనో, మేత గిన్నెతోనో వెళ్ళి ఉంటుంది. చవగ్గా అమ్మినవాడు మోసగాడని తిట్టి ప్రయోజనం లేదు. వాడి ఊళ్ళో కోళ్ళు చస్తుంటే మిగిలినవాటిని నాలుగు డబ్బులు చేసుకుందామనుకున్న మరో పేదవాడు వాడు. రోగం ఇలాగే ఒక పేదవాని నుంచి మరో పేదవానికి చేతులు మారుతున్నది.

నూరేళ్ళ నాటి రోగం, ఎనభై ఏళ్ళ నాటి టీకా

కొక్కెర అని మనం పిలిచేదాన్నే డాక్టర్లు రాణిఖేత్ వ్యాధి అంటారు. 1926లో జావాలోనూ, ఇంగ్లండులోని న్యూకాజిల్‌లోనూ ఈ రోగం బయటపడింది. ఆ వెంటనే మన దేశంలో కుమావూ కొండల్లోని రాణిఖేత్‌లో కనిపించింది. ఆ ఊరి పేరే మన దగ్గర రోగానికి స్థిరపడింది. ఇది వైరస్ వల్ల వస్తుంది. తగిలాక మందు లేదు. టీకా వేయని మందలో తీవ్రమైన రకం ప్రవేశిస్తే నూటికి తొంభై దాకా కూడా పోతాయి. కాని వచ్చే ముందే ఆపే టీకా ఉంది. ముక్తేశ్వర్‌లోని పశువైద్య పరిశోధన సంస్థలో 1940లలో తయారైన ఆర్2బి టీకా నేటికీ వాడుకలో ఉంది. పిల్ల పుట్టిన 5 నుంచి 7 రోజుల మధ్య లసోటా టీకా ఒక చుక్క కంట్లో గాని ముక్కులో గాని వేయాలి. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసు వచ్చాక ఆర్2బి రెక్క కింద చర్మంలోకి ఇవ్వాలి. అంతకన్నా చిన్న పిల్లలకు ఆర్2బి ఇవ్వకూడదు, తట్టుకోలేవు. ఒక కోడికి పడే టీకా ఖరీదు ఒక టీ నీళ్ళ ఖరీదు కన్నా తక్కువ.

మరి ఇంత చవకైన టీకా ఎనభై ఏళ్ళయినా పెరటి కోడి దాకా ఎందుకు చేరలేదు? కారణం సైన్సులో లేదు, పంపిణీలో ఉంది.

టీకా సీసాలు వందేసి, రెండు వందలేసి మోతాదులుగా వస్తాయి. సీసా విప్పి కలిపాక రెండు గంటల లోపు వాడేయాలి. తయారీ నుంచి రెక్క దాకా మంచు పెట్టెలోనే రావాలి. ఎండ తగిలితే అది వట్టి నీళ్ళే. పదివేల కోళ్ళున్న షెడ్డు యజమానికి ఇది సమస్యే కాదు. ఆయన దగ్గర ఫ్రిజ్ ఉంది, మనుషులున్నారు, కోళ్ళన్నీ ఒకచోట ఉన్నాయి. పది కోళ్ళున్న కూలి తల్లి వంద మోతాదుల సీసా ఏం చేసుకుంటుంది? పగలు కోళ్ళు ఊరంతా తిరుగుతుంటాయి, దొరికేది తెల్లవారుజామున గంప ఎత్తక ముందే. సిబ్బంది వచ్చేది పది గంటలకు. అప్పటికి కోళ్ళు పెంటకుప్ప మీద, ఆమె నాట్లలో ఉంటారు. చివరికి కాగితం మీద మాత్రం "లబ్ధిదారులు ముందుకు రాలేదు" అని రాస్తారు.

దీనికి పరిష్కారాలు లేవా? ఉన్నాయి. వేడిని కొంతవరకు తట్టుకునే ఐ-2 అనే టీకాను ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో పల్లె కోళ్ళ కోసమే తయారు చేశారు. మొజాంబిక్, టాంజానియా వంటి పేద దేశాల్లో గ్రామస్తులే కంటి చుక్కలుగా వేసుకుంటున్నారు. మన పక్కనే తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయం మేతగా వేసే గుళికల రూపంలో పెరటి కోళ్ళకు టీకా తయారు చేసింది. కోడిని పట్టుకునే పని కూడా లేదు. దారి తెలియక కాదు, పెరటి కోడి ఎవరి లెక్కలోనూ లేకపోవడం వల్లే మన దగ్గర పని జరగడం లేదు.

బర్డ్‌ఫ్లూ: భయం ఒకవైపు, దాపరికం ఒకవైపు

ఇక బర్డ్‌ఫ్లూ సంగతి. మన దేశంలో హెచ్5ఎన్1 మొదటిసారి 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్‌లో బయటపడింది. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో, 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాలలో కనిపించింది. తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు గ్రామాల నమూనాలను భోపాల్‌లోని ఉన్నత భద్రతా పశువ్యాధుల సంస్థ నిర్ధారించింది. ఆ ఏడాదే మన రాష్ట్రంలో ఒక పసిబిడ్డ ఈ రోగంతో చనిపోయింది. మనుషులకు తగలడం చాలా అరుదు. కాని తగిలితే ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి నిర్లక్ష్యం పనికిరాదు. బాగా ఉడికించిన మాంసం, గుడ్డు వల్ల భయం లేదు. చచ్చిన కోడిని, నీరసించిన కోడిని కోయడం, ఈకలు పీకడంలోనే ప్రమాదం ఉంది.

జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకారం రోగం నిర్ధారణ అయిన చోటు చుట్టూ 1 కిలోమీటరు లోపు కోళ్ళన్నిటినీ చంపి పూడ్చాలి. 10 కిలోమీటర్ల వరకు నిఘా పెట్టాలి. షెడ్డు కోడి, పెరటి కోడి, రోగం ఉన్నది, లేనిది అన్న తేడా లేదు. చంపిన కోళ్ళకు, పాడుచేసిన గుడ్లకు, మేతకు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు సగం సగం భరించి పరిహారం ఇస్తాయి. ఇక్కడే ఒక మెలిక ఉంది. పరిహారం సిబ్బంది చంపిన కోడికే. అంతకు ముందే రోగంతో చచ్చిన కోడికి పైసా రాదు.

ఈ నిబంధన ఏం చేస్తుందో ఆలోచించండి. త్వరగా చెప్పినవాడికి లాభం ఉండాలి. నిజమే, త్వరగా చెబితే ఎక్కువ కోళ్ళు బతికి ఉండగానే లెక్కలోకి వస్తాయి. కాని నమూనా భోపాల్ వెళ్ళి జవాబు వచ్చేలోపు పేదవాని పది కోళ్ళూ చచ్చిపోతాయి. షెడ్డులో పదివేలలో ఇంకా ఏడువేలు బతికి ఉంటాయి. పరిహారం ఏడువేలకు వస్తుంది, పదింటికి సున్నా. పైగా "నీవల్లే ఊరందరి కోళ్ళూ చంపారు" అనే మాట కూడా కబురు చెప్పిన పేదవాడే పడాలి. ఇక చెప్పేదెవరు? రాత్రికి రాత్రే అమ్మేస్తారు, చుట్టాల ఊరికి పంపేస్తారు, లేదా కాలువలో పారేస్తారు. 2008లో పశ్చిమ బెంగాల్‌లో ముఖ్యంగా పెరటి కోళ్ళకే ఈ రోగం వచ్చి చాలా జిల్లాలకు పాకింది. కోళ్ళు అప్పగించడానికి జనం వెనుకాడారు, దాచారు. వాళ్ళను అజ్ఞానులన్నారు. ఇచ్చే డబ్బు కోడి ఖరీదుకు సరిపోనప్పుడు, అదీ ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు దాచడం అజ్ఞానం కాదు, లెక్క.

పెద్దల వైపు దాపరికం మరో రకం. బర్డ్‌ఫ్లూ అన్న మాట బయటికి వస్తే ధర పడిపోతుంది. 2025 ఫిబ్రవరిలో చికెన్ ధర ఎలా పడిందో అందరం చూశాం. కాబట్టి మాట బయటికి రాకుండా చూడాలనే ఒత్తిడి ఉంటుంది. చివరికి నేరం మాత్రం పెరటి కోడి మీదకు నెడతారు. "శుభ్రత లేని పల్లె కోళ్ళ వల్లే రోగం" అంటారు. రోగం రెండు వైపులా నడుస్తుంది. షెడ్ల పెంట పొలాలకు, చేపల చెరువులకు పోతుంది. గుడ్లు తగ్గిన షెడ్డు కోళ్ళు చవగ్గా పల్లెలకు వస్తాయి. కోళ్ళ బండి, గుడ్ల అట్టలు, వ్యాపారి చెప్పులు అన్ని చోట్లా తిరుగుతాయి. ఒక్క పెరటి కోడినే బోనులో నిలబెట్టడం న్యాయం కాదు.

చట్టం ఏమంటున్నది, ఊళ్ళో ఏమున్నది

2009 నాటి పశువుల అంటువ్యాధుల నివారణ చట్టం ప్రకారం అంటురోగం అనుమానం వస్తే యజమాని తెలియజేయాలి. రాణిఖేత్, బర్డ్‌ఫ్లూ రెండూ ఆ చట్టం పట్టికలో ఉన్నాయి. అంటే తెలియజేయడం పేదవాని విధి. విధి ఉన్నచోట హక్కు ఉండాలి కదా? తెలియజేసినవాడికి ఎన్ని రోజుల్లో కారణం చెప్పాలి, ఎవరు చెప్పాలి అనేది కూడా అంతే గట్టిగా ఉండాలి. మేము చూసిన వాడలో మూడు వారాలు పట్టింది. అదీ మేము నాలుగుసార్లు తిరిగితే.

వ్యవసాయంపై జాతీయ కమిషన్ 1976లోనే 5,000 పశు యూనిట్లకు ఒక పశువైద్యుడు ఉండాలన్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి గ్రామ సచివాలయాల్లో పశుసంవర్ధక సహాయకులను నియమించారు. తెలంగాణలో గోపాలమిత్రలున్నారు. 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. ఇవి మంచి ఏర్పాట్లే. కాని ఈ యంత్రాంగం కళ్ళన్నీ పాల పశువుల మీదే. "కోడి చచ్చిందండి" అని ఫోను చేస్తే అవతలి వాళ్ళు నవ్వుతారేమోనని మన తల్లి ఫోనే చేయలేదు. ఆ సిగ్గు ఆమెది కాదు.

మనం చేయవలసినవి, అడగవలసినవి

మొదట మన వాడల్లో మనం చేసుకోగల పనులు. సంఘం కార్యకర్తలు కోళ్ళున్న ఇళ్ళ పట్టీ రాయాలి. వందేసి కోళ్ళు లెక్కకు వచ్చేట్టు ఇళ్ళను కలిపి, ముందు రోజు రాత్రి చాటించి, తెల్లవారుజామున గంపలు ఎత్తక ముందే టీకా వేయించాలి. అప్పుడు సీసా వృథా కాదు. పొదుపు సంఘాల్లోని పశుసఖులు, చదువుకున్న పిల్లలు కంటి చుక్కలు వేయడం ఒక్క పూటలో నేర్చుకోగలరు. కొత్తగా కొన్న కోడిని రెండు వారాల పాటు విడిగా కట్టేయాలి. చచ్చినదాన్ని కోసుకు తినవద్దు, అమ్మవద్దు, కాలువలో వేయవద్దు. చేతులకు సంచి తొడుక్కుని లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి. ఆసుపత్రికి ఇవ్వడానికి మాత్రం ఆ రోజు చచ్చినవి రెండు ఉంచాలి. ఎన్ని, ఎప్పుడు, ఎవరింట చచ్చాయో తేదీలతో రాయాలి. ఆ కాగితమే రేపు పరిహారానికీ, తగవు తీర్చడానికీ సాక్ష్యం.

ఇక ప్రభుత్వాల్ని అడగవలసినవి. టీకా సిబ్బంది వేళలు కూలి జనం వేళలను బట్టి ఉండాలి. పెరటి కోళ్ళకు చిన్న సీసాలు, వేడిని తట్టుకునే టీకాలు, మేతలో వేసే టీకాలు తేవాలి. కోళ్ళు మూకుమ్మడిగా చస్తే నమూనా తీసుకున్న వారం లోపు కారణం రాతపూర్వకంగా ఆ వాడకు చెప్పాలి. బర్డ్‌ఫ్లూ నిర్ధారణ అయితే, కబురు చెప్పిన రోజు నుంచి చచ్చిన పెరటి కోళ్ళను కూడా పరిహారం లెక్కలో చేర్చాలి. ఆ డబ్బు చంపిన రోజే చేతికి ఇవ్వాలి. ఇవేవీ కోట్ల పథకాలు కావు. ఒక పెద్ద షెడ్డు సబ్సిడీలో వెయ్యో వంతు మనసు పెడితే జరిగే పనులు.

చివరగా ఆ వాడ సంగతి. ప్రయోగశాల కాగితం వచ్చిన రోజు మేము దాన్ని వేపచెట్టు కింద చదివి వినిపించాం. రోగం పేరు, అది ఎలా వచ్చిందీ చెప్పాం. కోళ్ళు పోయిన తల్లి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి పక్కింటామె గుమ్మం దగ్గరికి వెళ్ళి "ఏమేవ్, రేపు కలుపుకు ఎవరితో పోతున్నావ్?" అని అడిగింది. అవతల నుంచి వెంటనే జవాబు రాలేదు. "ముందు ఆ తప్పు కాగితం చింపించు" అన్నది ఆవిడ. పెద్ద మనుషులు చింపారు. మర్నాడు ముఠా మళ్ళీ ఒకటిగా కదిలింది. నాట్లప్పుడు తగ్గించుకున్న రేటు మాత్రం తిరిగి రాలేదు. దానికోసం వచ్చే పంట దాకా పోరాడాలి.

ఆ తల్లికి మిగిలిన రెండు కోళ్ళలో మెడ తిరిగింది తర్వాత చచ్చింది. ఒక్క పెట్ట బతికింది. అది ఇప్పుడు పదకొండు గుడ్ల మీద పొదిగింది. పిల్లలు పుట్టిన వారం లోపు కంటి చుక్క పడాలి. తేదీ గోడ మీద బొగ్గుతో రాసి వచ్చాం. ఆ తేదీన మంచు పెట్టె ఆ వాడకు వస్తుందా రాదా అన్నదే ఇప్పుడు ప్రశ్న. రాకపోతే, మేము వెళ్ళి తెస్తాం. కాని రాష్ట్రంలోని ప్రతి వాడకూ మేము తేలేము. అందుకే ప్రతి వాడా తన టీకా తేదీని తన గోడ మీద రాసుకుని, ఆ తేదీ కోసం ఆసుపత్రి మెట్లెక్కి అడగాలి.